సొలొమోను గారి విజిల్

రైల్వే కాలనీ, విజయవాడ
6 జులై 1997

మా అమ్మాయి హన్నాకు నాన్న దీవెనలు. మరియమాత దయవల్ల ఇక్కడ మేమూ, నా గూడ్స్ బళ్లూ కులాసా.

నువ్వు హైదరాబాదు స్పోర్ట్స్ హాస్టల్లో చేరి నెల దాటింది. ఒక్క ఉత్తరం ముక్క లేదు. పోస్టుమ్యాన్ సైకిల్ బెల్లు వినపడితే చాలు, మీ అమ్మ చేతిలో గరిటెతోనే గుమ్మంలోకి పరిగెడుతోంది. నేను పరిగెత్తను. గార్డు అన్నవాడు బండి ఆగాకే దిగాలి.

రైలెక్కేటప్పుడు కూడా నువ్వు మూతి ముడుచుకునే ఉన్నావు. ఎందుకో నాకు తెలుసు. మార్చిలో మైలవరం జట్టుతో ఫైనల్. వాళ్ల సెంటర్ ఫార్వర్డ్ సింధూరిని నువ్వు నడుం పట్టుకుని పైకెత్తి పక్కన పడేశావు. నేను రెఫరీని. విజిల్ ఊదాను, రెడ్ కార్డు చూపించాను. నువ్వు బయటికెళ్లావు, మన జట్టు ఓడిపోయింది. కూతురా, పరాయిపిల్లా అని చూడలేదు. చూసింది చూసినట్టు ఊదడమే నా పని. ఇవాళ్టికీ కాలనీలో కొత్తవాళ్లు వస్తే, "సొంత కూతురికి రెడ్ కార్డు ఇచ్చింది ఈయనేనండీ" అని నన్ను పరిచయం చేస్తున్నారు.

ఆ రోజు గ్యాలరీలో కూర్చున్న మీ కోచ్ బసవయ్య గారు ఆట అయ్యాక నా దగ్గరికొచ్చి, "ఆ పిల్ల మీ అమ్మాయేనటగా, మా హాస్టల్‌కి పంపించండి" అన్నారు. నా నిజాయితీ చూసే నీకు సీటిచ్చారు. ఆ పేరు నిలబెట్టు. రోజూ ఎడమకాలితో యాభైసార్లు కొట్టు. చెయ్యి మాత్రం ఎవరికీ తగలనివ్వకు.

ఇట్లు
జె. సొలొమోను, గూడ్స్ గార్డు
(ఫుట్‌బాల్ రెఫరీ కూడా)

హైదరాబాదు
2 ఆగస్టు 1997

నాన్నకు, హన్నా నమస్కారాలు. అమ్మకు ముద్దులు.

ఆలస్యానికి కోప్పడకండి. ఇక్కడ తెల్లారకముందే లేపి పరిగెత్తిస్తారు. పడుకునేసరికి పెన్ను పట్టుకునే ఓపిక ఉండదు. గ్రౌండ్ మనదాన్లా గులకరాళ్లు కాదు, మెత్తగా ఉంటుంది. పడినా మోకాళ్లు చెక్కుకుపోవు. ఒక్కొక్కరికీ ఒక్క మనిషినే అప్పగిస్తారు, ఆ మనిషిని వదలకూడదు. నాకు పట్టు బాగా వస్తోందని బసవయ్య సార్ మెచ్చుకున్నారు.

నాన్నా, ఒక్కటి అడుగుతాను. ఆ రెడ్ కార్డు వెనక్కి తీసుకోండి. సింధూరే ముందు నా జడ పట్టుకుని లాగింది. అది మీరు చూడలేదు. నేను ఎత్తడం మాత్రం చూశారు. తప్పు నాది కాదని మీరు ఒక్క ముక్క రాస్తే చాలు, నేనిక్కడ మనశ్శాంతిగా ఉంటాను.

మీ
హన్నా

రైల్వే కాలనీ, విజయవాడ
14 సెప్టెంబరు 1997

హన్నాకు నాన్న దీవెనలు.

నీ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించాను. "పట్టు బాగా వస్తోంది" అన్నచోట ఆపి, "ఏ రంగు పట్టు?" అని అడిగింది. బంతి మీద పట్టు అని చెప్పేసరికి నీరసపడిపోయింది.

గ్రౌండ్ మెత్తగా ఉందంటే నీళ్లు ఎక్కువ పెడుతున్నారన్నమాట. జారి పడతావు. పొడుగు స్టడ్స్ ఉన్న బూట్లు పార్సిల్ చేశాను, అవే వేసుకో. ఒక్క మనిషినే అప్పగించడం మంచి పద్ధతి. మన దేశంలో డిఫెన్సు చెడిపోయిందే అది లేక. ఆ మనిషిని నీడలా వెంటాడు, ముట్టుకోకు.

కార్డు సంగతి. ఇచ్చిన కార్డు వెనక్కి తీసుకోవడం అన్నది రూల్స్ పుస్తకంలో లేదు. జడ లాగడం నేను చూడలేదు, లైన్స్‌మన్ చెప్పలేదు. రెఫరీ చూడనిది జరగనట్టే. మనసులో పెట్టుకోక ఆట చూసుకో.

ఇట్లు
జె. సొలొమోను

హైదరాబాదు
10 డిసెంబరు 1997

నాన్నకు నమస్కారాలు.

బూట్లు అందాయి. బసవయ్య సార్ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వారు. ఎందుకో నేను అడగలేదు. ఎదుటి గది పిల్లలకిచ్చేశాను, వాళ్లకు సరిపోయాయి.

అమ్మను సున్నుండలు పంపొద్దనండి. ఇక్కడ వారం వారం కాటా మీద నిలబెడతారు. కిలో పెరిగినా పోటీకి పనికిరానంటారు. జడ కత్తిరించేసుకున్నాను, అడ్డం పడుతోంది. అమ్మ ఏడుస్తుందని ముందే చెబుతున్నాను. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకు వస్తాను.

మీరు కార్డు గురించి రాసింది చదివాను. రూల్స్ పుస్తకంలో లేకపోతే మీ సొంత చేత్తో రాయండి.

మీ
హన్నా

రైల్వే కాలనీ, విజయవాడ
22 ఫిబ్రవరి 1998

హన్నాకు నాన్న దీవెనలు.

నువ్వు తిరునాళ్లు చూసుకుని వెళ్లాక ఇల్లు బోసిపోయింది. నీ ఎడమ చెవి గురించే నా బెంగ. వాచి, ముడుచుకుపోయి ఉంది. అడిగితే ప్రాక్టీసులో నలిగిందన్నావు. హెడ్డింగ్ నుదుటితో చెయ్యాలి తల్లీ, చెవితో కాదు. ఆ సార్ ఈ చిన్న విషయం కూడా నేర్పడం లేదా?

మీ అమ్మ ధోరణి నాకంతు పట్టడం లేదు. నీ చెవి చూసి లబోదిబోమంటుందనుకున్నాను. ఒక్కసారి వేలితో తడిమి ఊరుకుంది. కొండెక్కి రెండు కొవ్వొత్తులు వెలిగించింది. రెండోది ఎవరికంటే, "మా నాన్నకి" అంది. ముప్ఫై ఏళ్ల క్రితం పోయిన మనిషి ఇప్పుడెందుకు గుర్తొచ్చాడో తెలియదు.

ఇట్లు
జె. సొలొమోను

రైల్వే కాలనీ, విజయవాడ
19 నవంబరు 1998

హన్నాకు.

రాష్ట్రస్థాయిలో ఫస్టొచ్చాననీ, ఎనిమిది–సున్నాతో గెలిచాననీ నువ్వు రాసిన కార్డు అందిన రోజు నేను డ్యూటీకి కూడా ఆలస్యంగా వెళ్లాను. ఎనిమిది గోల్స్! గార్డుల రూములో అందరికీ స్వీట్లు పంచాను. ఫాదర్ గారు ఆదివారం పూజలో నీ పేరు చదివారు. నాలుగు రోజులు తలెత్తుకు తిరిగాను.

అయిదో రోజు పేపరు వచ్చింది. అందులో ఒక పిల్ల ఇంకొక పిల్లను బియ్యం బస్తాలాగా భుజానికెత్తుకుని ఉంది. కింద నీ పేరు, నా ఇంటిపేరు. పైన "కుస్తీ" అని ఇంత లావు అక్షరాలు.

ఇదేనా నువ్వు నిలబెట్టిన పేరు? ఏది చేసినందుకు నిన్ను బయటికి పంపానో, అదే చేసినందుకు మెళ్లో మెడల్ వేశారా? గార్డుల రూములో, "ఎనిమిది గోల్స్ ఎవరి మీద కొట్టిందండీ?" అని అడుగుతున్నారు. నేను ఏం చెప్పను?

పేపరు తీసుకెళ్లి మీ అమ్మ ముందు పడేస్తే, "నాకు తిరునాళ్లప్పుడే తెలుసు" అంది. మీ తాతయ్య వన్‌టౌన్‌లో తాలింఖానా నడిపి, పిల్లలకు కసరత్తూ కుస్తీపట్లూ నేర్పేవాడు. ఆయన చెవి కూడా ఇలాగే ఉండేదట. ఇరవై ఏళ్లు కాపురం చేసినా ఈ సంగతి నాతో అనలేదు. "మీరు ఫుట్‌బాల్ తప్ప ఇంకోటి విననిస్తేగా" అంటోంది.

బండి టైమైంది, వెళ్తున్నాను.

జె. సొలొమోను

హైదరాబాదు
5 డిసెంబరు 1998

నాన్నకు.

నేను అబద్ధం రాయలేదు. మెత్తటి గ్రౌండన్నాను, అది మ్యాట్. ఒక్క మనిషే అన్నాను, ఒక్క మనిషే. మీరు ఏ ఆట అని ఒక్కసారీ అడగలేదు. అయినా తప్పు నాదే. చెబితే వెనక్కి పిలిపిస్తారని భయపడ్డాను.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. బసవయ్య సార్ ఆ రోజు మన మ్యాచ్ చూడటానికి రాలేదు. ముందు ఏదో గూడ్స్ ఆగిపోయి ఆయన రైలు నాలుగు గంటలు లేటు. స్టేషన్లో తోచక, పక్కనే ఉంది కదా అని గ్రౌండ్‌కు వచ్చి కూర్చున్నారు. నేను సింధూరిని ఎత్తగానే, "ఈ పిల్ల ఇక్కడ బంతి వెనక తిరుగుతోందేంటి?" అనుకున్నారట. రెఫరీ నా తండ్రి అని నేను చెప్పేదాకా ఆయనకు తెలియదు. కూతురి గురించి మిమ్మల్ని అడిగింది గార్డు డ్రెస్సులోకి మారి మీరు సైకిల్ దగ్గర నిలబడినప్పుడట. మీ నిజాయితీని ఆయన చూడనే లేదు నాన్నా. నా ఫౌల్ చూశారు.

అది తప్పయితే నేనిప్పుడు చేస్తున్నదంతా తప్పే. అందుకే అడుగుతున్నాను, ఆ కార్డు వెనక్కి తీసుకోండి. మెడల్ కన్నా నాకు అదే కావాలి.

హన్నా

రైల్వే కాలనీ, విజయవాడ
12 ఆగస్టు 2001

హన్నాకు నాన్న దీవెనలు.

రెండున్నరేళ్లు దాటింది నీకు ఉత్తరం రాసి. సెలవులకు నువ్వు వచ్చినా, "అన్నం తిన్నావా" తప్ప మన మధ్య మాట లేదు. మీ అమ్మ ఇద్దరికీ మధ్యలో నలిగిపోయింది.

డిసెంబరులో దక్షిణాది రాష్ట్రాల కుస్తీపోటీలు ఇక్కడే, మన ఊళ్లోనే అని తెలిసింది. సరే, ఇదేం ఆటో చూద్దామని రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీ నుంచి కుస్తీ రూల్స్ పుస్తకం తెచ్చుకున్నాను. బెజవాడ నుంచి గూడూరు వెళ్లేలోపు బ్రేక్‌వ్యాన్‌లో కూర్చుని రెండుసార్లు చదివాను. ఈ ఆటలో కూడా విజిల్ ఉందని చదివాక నాకు ప్రాణం లేచొచ్చింది. విజిల్ ఉన్నచోట న్యాయం ఉంటుంది. వేళ్లు విరవకూడదు, జుట్టు పట్టకూడదు, ఎదుటి మనిషి వేసుకున్న కాస్ట్యూమ్ పట్టుకోకూడదు. ఈ చివరిది జాగ్రత్త. చిన్నప్పుడు మీ అమ్మ కొంగు పట్టుకుంటే వదిలేదానివి కాదు.

నేను వస్తాను. మీ అమ్మ, నాయనమ్మ శౌరమ్మ కూడా వస్తారు. కార్డు గురించి మళ్లీ అడగకు.

ఇట్లు
జె. సొలొమోను

హైదరాబాదు
1 సెప్టెంబరు 2001

నాన్నకు, వందసార్లు నమస్కారాలు.

మీ ఉత్తరం బసవయ్య సార్‌కు చదివి వినిపించాను. "మీ నాన్నగారు నాకన్నా బాగా చదివారు" అన్నారు. ఆయన ఊరికే అనరు.

ఈ పోటీల్లో గెలిచినవాళ్లను ఇండియా క్యాంపుకు తీసుకుంటారు. నాకిది ఒక్కటే అవకాశం. వచ్చే ఏడాదికి నా బరువు తరగతిలో చిన్నపిల్లలు చాలామంది వచ్చేస్తారు.

ఒక్క మనవి నాన్నా. విజిల్ ఇంట్లో పెట్టి రండి. నవ్వకండి. చిన్నప్పుడు మీరు గుమ్మంలో నిలబడి ఊదితే నేను వీధిలో ఎక్కడున్నదాన్ని అక్కడే బిగుసుకుపోయేదాన్ని. మీ విజిల్‌కు బండి కదులుతుంది, ఆట ఆగుతుంది, ఇంట్లో మాత్రం పిల్ల తప్ప ఎవరూ లెక్కచెయ్యరని అమ్మ నవ్వేది. ఆ పిల్లను నేనే కదా.

మీ
హన్నా

రైల్వే కాలనీ, విజయవాడ
3 జనవరి 2002

హన్నాకు నాన్న రాసేది.

నువ్వు ఇంటికి కూడా రాకుండా స్టేడియం నుంచి అటే జట్టు బస్సెక్కి వెళ్లిపోయావు. మీ అమ్మ వండిన కోడికూర వండినట్టే ఉండిపోయింది.

జరిగింది జరిగినట్టు చెబుతాను. విజిల్ ఇంట్లో పెట్టే రావాలనుకున్నాను. ఆ రోజు నా బండి లేటైంది, డ్యూటీ దిగి నేరుగా యూనిఫారంలోనే స్టేడియానికి వచ్చాను. విజిల్ మెళ్లోనే ఉంది. ఫైనల్లో నువ్వు అయిదు–రెండుతో ముందున్నావు. కాలనీ అంతా లేచి నిలబడి అరుస్తోంది. ఇంకా అరనిమిషం ఉందనగా నీ కుడిచెయ్యి ఆ కేరళ అమ్మాయి నడుం దగ్గర కాస్ట్యూమ్‌ను గుప్పిట్లో పట్టుకుంది. మ్యాట్ మీద రెఫరీ అవతలివైపున ఉన్నాడు. ఆయనకు కనపడలేదు. నాకు కనపడింది. నా చెయ్యి ఎప్పుడు లేచిందో, విజిల్ ఎప్పుడు నోట్లోకి వచ్చిందో నాకు తెలియదు. ముప్ఫై ఏళ్ల అలవాటు.

నువ్వు ఆగిపోయావు. ఆ పిల్ల ఆగలేదు. నీ రెండు భుజాలూ మ్యాట్‌కు ఆన్చేసింది. భుజాలు ఆనితే ఎన్ని పాయింట్లున్నా ఓటమే. నేను ఊదింది తప్పే, ఒప్పుకుంటున్నాను. పోటీలవాళ్లు నన్ను రెక్క పట్టుకుని బయటికి పంపారు, అదీ న్యాయమే. మీ అమ్మ వారం నుంచి నాతో మాట్లాడటం లేదు.

కాని నువ్వు కాస్ట్యూమ్ పట్టుకున్న మాట మాత్రం నిజం.

జె. సొలొమోను

హైదరాబాదు
11 జనవరి 2002

నాన్నకు.

మా రెఫరీ ఊదలేదు, మీరు ఊదారు. ఇన్ని వేలమందిలో అది మీ విజిల్ అని నాకు తెలిసిపోయింది, ఆగిపోయాను. ఆ అమ్మాయి ఎందుకు ఆగుతుంది? ఆమె మీ కూతురు కాదు.

ఆ అమ్మాయి ఇండియా క్యాంపుకు వెళ్లింది. మీరు రెండుసార్లు ఊదారు, రెండుసార్లూ నన్నే బయటికి పంపారు. ఇంక నాకు ఉత్తరాలు రాయకండి.

హన్నా

రైల్వే కాలనీ, విజయవాడ
20 జూన్ 2004

హన్నాకు నాన్న దీవెనలు.

రాయొద్దన్నావు. రాస్తూనే ఉన్నాను, నువ్వు జవాబివ్వడం లేదు. పక్కింటివాళ్ల ఫోన్లో మీ అమ్మతో మాట్లాడతావు. నేను పలికితే "అమ్మకివ్వండి" అంటావు. ఆ రెండు ముక్కలూ వినడానికే వాళ్లు పిలవగానే ముందు నేను వెళ్లి ఫోన్ అందుకుంటున్నాను.

స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగం వచ్చి బందరులో చేరావని, ఇప్పుడు జూడో ఆడుతున్నావని మీ అమ్మ చెప్పింది. లైబ్రరీకి వెళ్లి జూడో పుస్తకం కూడా తెచ్చాను. ఎదుటి మనిషి చొక్కా పట్టుకోవడమే అందులో మొదటి పాఠం! బట్ట పట్టావని నేను ఊదితే, బట్ట పట్టడమే ఆట అయిన ఆటను వెతుక్కున్నావు. నేను ఏ ఫౌల్ ఊదితే ఆ ఫౌల్ మెడల్ అవుతోంది. చదువుకుంటూ నాలో నేనే నవ్వుకున్నాను, ఆ తర్వాత ఏడుపొచ్చింది. అది కూడా రాయాలనిపించి రాస్తున్నాను.

ఆ రోజు నుంచి ఏ మ్యాచ్‌కూ రెఫరీగా వెళ్లలేదు. విజిల్ డ్యూటీలోనే వాడుతున్నాను.

నాన్న

మచిలీపట్నం
2 అక్టోబరు 2005

నాన్నకు నమస్కారాలు.

మీ ఉత్తరాలు పదిహేడు నా ట్రంకుపెట్టెలో ఉన్నాయి. అన్నీ చదివాను. కోపం ఉన్నన్నాళ్లు ఉంది, ఎప్పుడు పోయిందో చూసుకోలేదు.

మీరు మళ్లీ లైబ్రరీకి వెళ్లాలి. భుజం జారి జూడో మానేశాను. పోలీసుల పోటీల్లో కిక్‌బాక్సింగ్ పెట్టారు, అందులో చేరాను. పోయిన వారం అఖిల భారత పోలీసు పోటీల్లో బంగారు పతకం వచ్చింది. ఎడమకాలి దెబ్బకు ఎదుటి అమ్మాయి లేవలేదు. "ఆ ఎడమకాలు నీకు ఎవరు నేర్పారు?" అని మా కోచ్ అడిగితే, రోజూ యాభైసార్లు బంతిని కొట్టించిన ఫుట్‌బాల్ రెఫరీ ఒకాయన అని చెప్పాను.

బంతిని తన్నమని మీరు నేర్పారు, నేను మనుషుల్ని తన్నుతున్నాను. మీరు ఊదుతారని తెలుసు. అమ్మకు మాత్రం పతకం అని చెప్పకండి, ఎన్ని కాసులని అడుగుతుంది. అందులో బంగారం పూత వరకే.

కార్డు సంగతి నేను మర్చిపోలేదు.

మీ
హన్నా

రైల్వే కాలనీ, విజయవాడ
1 జులై 2007

నా తల్లి హన్నాకు, నాన్న.

నిన్నటితో రిటైరయ్యాను. దండ వేశారు, శాలువా కప్పారు. "సొంత కూతురికి రెడ్ కార్డు ఇచ్చిన నిజాయితీపరుడు" అని మా ఇన్‌స్పెక్టరు గారు మైకులో చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. మీ అమ్మ కొట్టలేదు, నా మొహంలోకే చూస్తూ కూర్చుంది. నాకు ఆ శాలువా బరువైంది. ఫోన్లో అయితే నోరు పెగలదని ఇది రాస్తున్నాను.

ఆ రోజు నేను చూడలేదు.

రైల్వే గ్రౌండ్ పక్కనే మెయిన్ లైను కదా. సెకండ్ హాఫ్‌లో ఒక గూడ్స్ వెళ్తోంది. పక్క లైన్లో బండి వెళ్తుంటే చివరి వ్యాను దాటేదాకా చూడటం మాకు అలవాటు. ఎక్కడైనా నిప్పు రవ్వలు లేస్తున్నాయేమో, తలుపు ఊడి వేలాడుతోందేమో అని. ఆటలో ఉన్నానన్నది మర్చిపోయి అటు తిరిగాను. గార్డు చెయ్యి ఊపితే నేనూ ఊపాను. వెనక జనం గోలెత్తారు. తిరిగి చూసేసరికి సింధూరి నేల మీద ఉంది, నువ్వు చేతులు చాచి నిలబడ్డావు. అందరూ నా వైపే చూస్తున్నారు.

చూడలేదని అంటే రెఫరీని కాను. వదిలేస్తే కూతుర్ని కాపాడుకున్నాడంటారు. ఎల్లో కార్డు తీసినా అదే మాట అంటారు. రెడ్ తీశాను. నువ్వు కాక ఇంకెవరి పిల్లయినా అయితే లైన్స్‌మన్‌ను పిలిచి అడిగేవాణ్ణి. కూతురివి గనక అడగలేదు.

నీ జడ లాగిందని నువ్వు రాస్తే, రెఫరీ చూడనిది జరగనట్టేనని నీకు పాఠం చెప్పాను. చూడని నేనే. ఊదే హక్కున్న రోజు చూడలేదు, చూసిన రోజు ఊదే హక్కు లేదు. పదేళ్లు నువ్వు ఒక్క ముక్క రాయమని అడిగావు. అది రాస్తే, ఈ మాట కూడా రాయాల్సి వస్తుందని రాయలేదు.

ఇప్పుడు రాస్తున్నాను. ఆ రెడ్ కార్డు వెనక్కి తీసుకుంటున్నాను. తప్పు నీది కాదు. నన్ను క్షమించు తల్లీ.

నాన్న
(రిటైర్డ్)

మచిలీపట్నం
9 జులై 2007

నాన్నకు,

మీ ఉత్తరం స్టేషన్లో అందింది. మా హెడ్ కానిస్టేబుల్ అన్వరీ అక్క, "ఎవరు పోయారమ్మా?" అని అడిగింది, నేనంత ఏడ్చాను. ఆ తర్వాత నవ్వాను, అదీ ఆవిడకు అర్థం కాలేదు.

నాన్నా, సింధూరి నా జడ పట్టుకోలేదు.

ఆ పిల్ల నన్ను దాటుకుని గోల్ వైపు వెళ్లిపోతోంది. నాకు కాలు అందలేదు, నడుం అందింది. ఎత్తేశాను. ఆ ఒక్క క్షణం ఎంత హాయిగా ఉందో మీకు చెప్పలేను. బంతితో ఆడిన ఆరేళ్లలో ఎప్పుడూ అలా లేదు. మీరు కార్డు తీసేసరికి ఆ హాయే తప్పని అన్నట్టయింది. అందుకే జడ కథ అల్లాను. మీరు చూడలేదు గనక అబద్ధమని మీకు తెలియదు. తెలియదు గనక పదేళ్లు ఆ అబద్ధాన్ని నన్ను మోయనిచ్చారు, మీరూ మీది మోశారు.

కాబట్టి ఆ కార్డును వెనక్కి తీసుకోవద్దు. మీరు చూడకుండా ఇచ్చినా సరైన కార్డే ఇచ్చారు. అది నాది, నా దగ్గరే ఉండనివ్వండి. మెడల్స్ అన్నిటికన్నా ముందు వచ్చింది అదే.

ఇక్కడ ఆదివారాలు హైస్కూలు ఆడపిల్లలకు కుస్తీ నేర్పుతున్నాను. వచ్చే ఆదివారం వాళ్లకు మొదటి పోటీ. గుడివాడ నుంచి వస్తానన్న రెఫరీ రావడం లేదు. ఈ జిల్లాలో కుస్తీ రూల్స్ పుస్తకం రెండుసార్లు చదివిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఉదయం ప్యాసింజరుకు అమ్మను తీసుకుని వచ్చేయండి. విజిల్ తెచ్చుకోండి. స్కూలు పక్కన రైలు పట్టాలు లేవు, నేను చూశాను.

ఈసారి మాత్రం చూసి ఊదండి.

మీ
హన్నా